నాలుగో అంతస్తు తలుపు

ఫిబ్రవరి 10

స్కూల్లో ఉన్నన్నాళ్ళూ పిల్లల చేత బలవంతంగా డైరీలు రాయించాను. ఎవరికీ చెప్పుకోలేనిది ఇందులో రాసుకోండర్రా అనేదాన్ని. పాపం వాళ్ళు లేచాను, పళ్ళు తోముకున్నాను, బడికి వచ్చాను అని రాసేవాళ్ళు. ఎవరికీ చెప్పుకోలేనిదంటే ఏమిటో నాకే రిటైరయ్యాక తెలిసింది.

ఈ పుస్తకం ఆయన కంట పడినా భయం లేదు. ఈ మధ్య ఆయన చిన్న అక్షరాలు చదవడం లేదు. చదవలేకపోవడం కాదట, చదవడం లేదట. జీవితమంతా ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి. శుక్లాలొచ్చాయి, ఆపరేషన్ చేయించుకుందాం అని రెండేళ్ళుగా పోరుతున్నాను. "నా కళ్ళకేం రోగం లేదు, ఈ కాలపు అచ్చే అలుక్కుపోయి ఏడుస్తోంది" అంటారు.

అసలు విషయానికి వస్తాను. రేపు లిఫ్ట్ ఇన్‌స్పెక్షన్. సర్టిఫికెట్ గడువు ఈ వారంతో సరి.

మాది పాతకాలపు లిఫ్ట్. ప్రతి అంతస్తులోనూ తలుపు మనమే లాగి తెరవాలి. లిఫ్ట్ వచ్చి అక్కడ ఆగితేనే తలుపు లాకు వదులుతుంది, లేకపోతే ఎంత లాగినా రాదు. రాకూడదు. నాలుగో అంతస్తు లాకు అరిగిపోయిందని మెకానిక్ పోయిన వారమే చెప్పాడు. నాలుగో అంతస్తు అంటే మా అంతస్తే. ఆ రకం లాకులు ఇప్పుడు తయారు కావట, చెప్పి చేయించాలట, నెల పైన పడుతుందట.

"మరి రేపెలాగయ్యా?" అన్నాను.

"కంగారు పడకండమ్మా. పక్క వీధి బిల్డింగులో కూడా ఇదే లిఫ్ట్. వాళ్ళ డాబా మీది తలుపు ఎవరూ వాడరు. ఆ లాకు పట్టుకొచ్చి రేపటికి మనకి బిగిస్తాను. పనయ్యాక వాళ్ళది వాళ్ళకి పెట్టేస్తాను. అందరూ చేసేదేనమ్మా. పెళ్ళిచూపులకి పక్కింటి నగ పెట్టుకోరూ, అలాగే."

పరీక్షలో కాపీ కొట్టినందుకు నేను ఎంతమందిని బయట నిలబెట్టానో నాకే లెక్క లేదు. "సరే" అన్నాను.

ఏం చెయ్యను? పాత సెక్రటరీ హయాంలో లిఫ్ట్ ఆగిపోయి, ఆరో అంతస్తు పిన్నిగారు వారాల తరబడి గడప దాటలేదు. సాయంత్రం గేటు దగ్గర బెంచీ మీద స్నేహితురాళ్ళతో కూర్చోవడం తప్ప ఆవిడకి వేరే లోకం లేదు. అందుకే సెక్రటరీ ఎన్నికల మీటింగులో లేచి, "నేనుండగా ఈ లిఫ్ట్ ఒక్క పూట కూడా ఆగదు" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లే ఇప్పుడు నా ప్రాణం మీదికి వచ్చాయి.

ఫిబ్రవరి 11

పాసయ్యాం.

ఇన్‌స్పెక్టరు చిన్నపిల్ల. మా అమ్మాయి కంటే చిన్నది. కాన్వాసు బూట్లు, చేతిలో టార్చి. లిఫ్ట్‌ని వేరే అంతస్తులో ఆపించి, ఒక్కో తలుపూ రెండేసిసార్లు గట్టిగా లాగి చూసింది. మా తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆయన లోపలి నుంచి వచ్చి, "మా ఆవిడ హెడ్మిస్ట్రెస్ చేసి రిటైరైందమ్మా, తప్పు జరగనివ్వదు" అన్నారు. ఆ అమ్మాయి నవ్వి, ఒక్కసారి లాగి వదిలేసింది.

టీ తాగుతూ ఒక మాట అంది. "ఏ తలుపు మీద ఏ చిన్న అనుమానం వచ్చినా వెంటనే లిఫ్ట్ ఆపేయాలండీ, మాకు ఫోన్ చెయ్యాలి, మేం వచ్చి చూసేదాకా నడపకూడదు. లిఫ్ట్ ఆపినందుకు మేం ఎవర్నీ ఏమీ అనం. ఆపనందుకే అంటాం."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను గబగబా ఇంకో కప్పు టీ పోశాను.

సర్టిఫికెట్‌కి అద్దం కట్టించి లిఫ్ట్ లోపల తగిలించాను. అందరూ మెచ్చుకున్నారు. పిన్నిగారు నా గడ్డం పట్టుకుని "నా తల్లే" అంది.

ఫిబ్రవరి 12

మెకానిక్ అరువు లాకు తీసుకెళ్ళిపోయాడు. పాతది మళ్ళీ పెట్టాడు. "టైటు చేశానమ్మా. ఊరికే లాగితే రాదు" అన్నాడు.

అతను వెళ్ళాక లిఫ్ట్‌ని కిందికి పంపించి మా తలుపు లాగాను. రాలేదు. మళ్ళీ లాగాను. రాలేదు. హమ్మయ్య అనుకుని, ఊరికే, చెయ్యి అక్కడే ఉంది కాబట్టి ఇంకోసారి లాగితే వచ్చేసింది.

లోపల ఏమీ లేదు. చీకటి, గ్రీజు వాసన, కింది నుంచి చల్లటి గాలి. నా చెప్పు అంచు గడప మీద ఉంది.

మూసేశాను.

ఫిబ్రవరి 13

స్థిమితంగా ఆలోచిస్తే ఇందులో అంత ప్రమాదం లేదు. తలుపుకి చిన్న గాజు పలక ఉంది. లిఫ్ట్ వస్తే అందులో వెలుతురు కనబడుతుంది. వెలుతురు చూడకుండా తలుపు లాగేవాళ్ళెవరు? కళ్ళున్నవాళ్ళు చూసుకుంటారు. మా అంతస్తులో ఉన్నవి రెండే ఇళ్ళు. ఎదురింట్లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులు, చదువుకున్నవాళ్ళు. వాళ్ళ పాపకి తలుపు పిడి అందదు.

ఇక మా ఇంట్లో నేను, ఆయన.

ఈ రోజు నుంచి సాయంత్రం నడకకి ఆయనతో నేనూ వెళ్ళాలనుకుంటున్నాను. ఈ వయసులో నడక మంచిది.

ఫిబ్రవరి 14

ఏమీ జరగలేదు.

ఫిబ్రవరి 16

ఆయన రోజుకి రెండుసార్లు బయటికి వెళతారు. పొద్దున పేపరుకి, సాయంత్రం నడకకి. రెండుసార్లూ నేనే ముందు నడిచి తలుపు తీస్తున్నాను. పేపరు ఇంటికే వేయించుకుందాం అంటే ఒప్పుకోరు. ఎండా లేదు, వానా లేదు, చేతిలో గొడుగొకటి. దాంతో నేల మీద టకటకా కొట్టుకుంటూ నడుస్తారు. ఏమండీ, ఎలుకల్ని బెదిరిస్తున్నారా అన్నాను. "గొడుగు మగాడికి అందం" అన్నారు.

ఈ రోజు పార్కులో కూర్చున్నప్పుడు ఉన్నట్టుండి, "ఏమిటోయ్ హెడ్మిస్ట్రెస్ గారూ, పెళ్ళైన కొత్తలో కూడా నా వెనకాల ఇలా తిరగలేదు. ఇప్పుడేమిటీ ప్రేమ?" అన్నారు.

"రిటైరయ్యాను కదా, తీరిక దొరికింది" అన్నాను.

ఆయన నవ్వు మొహం చూడలేక చెట్ల వైపు చూశాను.

ఫిబ్రవరి 19

తలుపుకి గొలుసు వేసేద్దామా అని ఆలోచించాను. గొలుసు వేస్తే ఎందుకని అడుగుతారు. అడిగితే చెప్పాలి. చెబితే లిఫ్ట్ ఆపాలి. ఆపితే, ఇన్‌స్పెక్షన్‌లో పాసైన లిఫ్ట్ వారానికే ఎలా పాడైందంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

దాని బదులు పెద్ద పూలకుండీ ఒకటి తెచ్చి తలుపు ముందు పెట్టాను. చూడటానికి కూడా బాగుంది.

ఫిబ్రవరి 20

కుండీ దారికి అడ్డంగా ఉందని ఎదురింటావిడ గోడ పక్కకి జరిపింది. "మొక్క భలే ఉందండీ" అంది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఊరుకున్నాను.

ఫిబ్రవరి 21

ఏమీ జరగలేదు.

ఫిబ్రవరి 22

ఏమీ జరగలేదు. మెకానిక్‌కి ఫోన్ చేశాను. లాకు తయారవుతోందట.

ఫిబ్రవరి 25

మధ్యాహ్నం కునుకు మానేశాను. లిఫ్ట్ తలుపు ఎప్పుడు చప్పుడైనా లేచి వెళ్ళి చూస్తున్నాను. చప్పుడు కాకపోయినా చూస్తున్నాను. వంట చేస్తున్నా, స్నానం చేస్తున్నా చెవి ఆ తలుపు మీదే. ఆయన చెప్పులు ఎక్కడున్నాయో చూసుకోవడం నాకో జపమైపోయింది. ఇవాళ వాటిని తీసి మంచం కింద దాచాను. అరగంట వెతికి, చివరికి నావి వేసుకుని బయల్దేరబోయారు. పరిగెత్తుకెళ్ళి తీసిచ్చాను. నవ్వీ నవ్వీ ఆయనకి పొలమారింది.

నేనూ నవ్వాను. నవ్వుతూనే ముందు నడిచి తలుపు తీశాను.

ఫిబ్రవరి 27

ఈ మధ్య ఆయన సాయంత్రాలు ఇస్త్రీ చొక్కా వేసుకుంటున్నారు. గడ్డం రోజూ గీసుకుంటున్నారు. నడక నుంచి వచ్చాక నాకు మంచినీళ్ళు తెచ్చి ఇస్తున్నారు. ముప్పై ఆరేళ్ళ కాపురంలో మంచినీళ్ళు ఎక్కడుంటాయో ఈయనకి తెలుసని నాకు తెలియదు.

చెప్పేద్దామని నోరు తెరిచాను. "ఆ చొక్కా మీకు బాగుంది" అన్నాను.

మార్చి 1

లిఫ్ట్ కోసం నిలబడి ఉంటే ఎదురింటి పాప మునివేళ్ళ మీద లేచి తలుపు పిడి పట్టుకుంది. "అమ్మమ్మా, చూడు, నాకు అందుతోంది."

మార్చి 2

పాప స్కూలుకి వెళ్ళేటప్పుడు వాళ్ళమ్మ వెంట ఉంటుంది. వచ్చేటప్పుడు కూడా ఉంటుంది. మధ్యలో ఆడుకోవడానికి వరండాలోకి వస్తుంది. ఆదివారాలు ఎక్కువగా వస్తుంది.

ఆదివారాలు నేను వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటాను. గాలి బాగుంటుంది.

మార్చి 3

మెకానిక్ వచ్చే వారం అన్నాడు. పోయిన వారం కూడా వచ్చే వారమే అన్నాడు.

మార్చి 4

ఆపెయ్యనా?

ఇన్నాళ్ళూ ఏమీ జరగలేదు. ఇంకొక్క వారం.

మార్చి 6

అక్షరాలు ఎలా వస్తే అలా రానీ.

సాయంత్రం పడగ్గదిలో ఫోన్‌లో మాట్లాడుతున్నాను. అవతల మా అసోసియేషన్ కోశాధికారి. లిఫ్ట్ లోపల ఏ రంగు వేయిద్దామని అడుగుతున్నాడు. లేత నీలం బాగుంటుందని చెబుతున్నాను. అప్పుడు బయట తలుపు చప్పుడైంది. వీధి తలుపు కాదు, ఆ తలుపు. ఎక్కడున్నా గుర్తుపడతాను దాన్ని. ఆ వెంటనే లోతు నుంచి ఇంకో చప్పుడు.

ఎలా పరిగెత్తానో తెలియదు. కాలికి బల్ల తగిలి గోరు లేచిపోయిందని తర్వాత రక్తం చూశాక తెలిసింది.

ఆయన నిలబడి ఉన్నారు. ఒక చెయ్యి తలుపు పిడి మీద ఉంది. రెండో చెయ్యి ముందుకి చాచి ఉంది. అందులో గొడుగు లేదు. ఎదురుగా తలుపు బార్లా తెరుచుకుని ఉంది, లోపల చీకటి.

"గొడుగు నేలకి ఆనలేదోయ్, జారిపోయింది" అన్నారు. ఇంకా ఆ చీకటి వైపే చూస్తున్నారు. తర్వాత మెల్లగా అడిగారు. "లిఫ్ట్ లేదు కదూ?"

ఆయనకి కనబడటం లేదు. తలుపు తెరిచి, ఎదురుగా నిలబడి కూడా కనబడటం లేదు.

చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. ఇద్దరం గోడకి జారగిలబడి కింద కూర్చున్నాం. ఆయన ఒళ్ళంతా చెమట. నేను గట్టిగా ఏడ్చాను, ఎదురింటి తలుపు తెరుచుకునేంత గట్టిగా. పాప వచ్చి నిలబడింది. "అమ్మమ్మా, తాతయ్య పడ్డాడా?"

లేదమ్మా అన్నాను. పాపని లోపలికి పంపి, వాళ్ళమ్మతో తలుపు గడియ పెట్టుకోమన్నాను. మా భోజనాల బల్ల ఈడ్చుకొచ్చి లిఫ్ట్ తలుపుకి అడ్డం పెట్టాను. ఎవరూ లోపల లేరని చూసుకుని, డాబా ఎక్కి, మోటారు గది తెరిచి మెయిన్ స్విచ్చి కిందికి లాగేశాను. ఇంత సులువైన పని.

దిగుతుంటే ఆరో అంతస్తులో పిన్నిగారు గుమ్మంలో ఉంది, తల దువ్వుకుని, కిందికి దిగడానికి తయారై.

"ఏమ్మా, బటన్ నొక్కితే పలకదేం?"

"ఆపేశాను పిన్నిగారూ. ఎన్నాళ్ళో తెలీదు."

"నువ్వుండగా ఆగదన్నావుగా."

"అన్నాను. తప్పు మాట అన్నాను."

నా మొహం చూసింది. కాలి వేలు చూసింది. లోపలికి వెళ్ళి గుడ్డ పీలిక తెచ్చి ఇచ్చింది. "సరేలే. వాళ్ళనే పైకి రమ్మంటాను. వాళ్ళ మోకాళ్ళు నా వాటి కంటే పదేళ్ళు చిన్నవి. ఏడుస్తూనే ఎక్కుతారు."

తర్వాత ఇన్‌స్పెక్టరుకి ఫోన్ చేసి అంతా చెప్పాను. అరువు లాకు సంగతితో సహా. నన్ను తిడుతుందనుకున్నాను.

"పక్క వీధిలో ఏ బిల్డింగు?" అంది. "ఆ లాకు తిరిగి పెట్టాడని మీకు తెలుసా? మీరు చూశారా?"

నేను చూడలేదు. ఆ డాబా తలుపు గురించి నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఇన్ని రోజుల భయంలో, ఒక్కసారి కూడా.

మార్చి 7

ఇన్‌స్పెక్టరు రెండు బిల్డింగుల లిఫ్టులకీ సీలు వేసింది. పక్క వీధిలో లాకు తిరిగి పెట్టాడు కానీ ఒక్క స్క్రూతో వేలాడదీసి వదిలేశాడట. ఎవరూ వాడని తలుపే కదా అన్నాడట. ఆ డాబా మీద ఆదివారాలు పిల్లలు గాలిపటాలు ఎగరేస్తారట.

మెకానిక్ లైసెన్సు మీద విచారణ ఉంటుంది. నాకు కూడా నోటీసు వస్తుంది. మా సర్టిఫికెట్ రద్దు. అద్దం కట్టించింది నేనే కాబట్టి నేనే విప్పి ఇచ్చాను. తీసుకుంటూ ఆ అమ్మాయి ఒక మాట అంది.

"అన్ని తలుపులూ రెండుసార్లు లాగాను. మీ తలుపు ఒక్కసారే లాగాను. హెడ్మిస్ట్రెస్ గారి గుమ్మం కదా అనుకున్నాను. అది నా తప్పు. ఇంక ఎవరి గుమ్మమైనా రెండుసార్లే."

నన్ను ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

సాయంత్రం మీటింగు. అనాల్సినవాళ్ళందరూ అన్నారు. కంచే చేను మేసిందన్నారు. ఎదురింటావిడ మాత్రం పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మీటింగు అయ్యేదాకా దించలేదు. రాజీనామా ఇచ్చేసి వచ్చాను.

మార్చి 8

ఇవాళ భోజనం దగ్గర ఆయన అడిగారు.

"అయితే ఇన్నాళ్ళూ నా వెంట వచ్చింది ఇందుకేనా?"

కాదన్నాను. తర్వాత అవునన్నాను.

"నేను ఇంకేదో అనుకున్నాను" అన్నారు. చాలాసేపు కంచంలో వేలితో గీతలు గీస్తూ కూర్చున్నారు. "పోనీ, నా వెనకాల నువ్వున్నావు. ఎదురింటి పాప వెనకాల ఎవరున్నారు?"

వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేదాన్నని చెప్పబోయాను. ఆదివారాలు, అని చెప్పబోయాను.

మార్చి 9

ఆయన ఒక్కరే మెట్లు దిగి వెళ్ళారు. చొక్కా నలిగి ఉంది. నేను కిటికీలోంచి చూశాను.

మార్చి 13

ఆయన ఒక్కరే.

మార్చి 18

పిన్నిగారి స్నేహితురాళ్ళు మా గుమ్మం ముందు ఆగి ఆయాసం తీర్చుకుని మళ్ళీ ఎక్కుతున్నారు. అక్కడో కుర్చీ వేశాను, మంచినీళ్ళు పెట్టాను. ఒకావిడ "లిఫ్ట్ ఆపించిన మహాతల్లి నువ్వేనా?" అంది. నేనే అన్నాను. కూర్చుంది. నీళ్ళు తాగింది. "మా బిల్డింగులో తలుపు కూడా ఒకసారి చూసి పెడతావా?" అంది.

మార్చి 24

లిఫ్ట్ కింది గుంటలోంచి గొడుగు తీసి పంపించారు. ఒక ఊస వంగింది. ఆయన వంటింటి బల్ల మీద పెట్టుకుని పూటంతా సరిచేశారు. ఇంకా కొంచెం వంకరగానే ఉంది. ఆ గొడుగే లేకపోతే అనే మాట నేను అనలేదు, ఆయనా అనలేదు. అది లేకపోతే నేలెక్కడుందో ఆయనకి తెలియదని నాకు ముందే తెలుసు. తెలిసి కూడా ఎలుకల మీద జోకు వేశాను.

ఏప్రిల్ 2

కొత్త లాకు వచ్చింది. కొత్త మెకానిక్ బిగించాడు. ఇన్‌స్పెక్టరు వచ్చింది. మా తలుపుని ఆ అమ్మాయి లాగిన తీరు చూస్తే పిడి ఊడి వస్తుందేమో అనిపించింది. పాపని పిలిచి, ఎత్తుకుని, నువ్వు కూడా లాగు అంది. పాప రెండు చేతులతో లాగింది. రాలేదు.

కొత్త సర్టిఫికెట్‌ని మా కోశాధికారి తగిలించాడు. ఇప్పుడతనే సెక్రటరీ. మీటింగులో లేచి, అనుమానం వస్తే ఆపేస్తాను, తిట్టదలుచుకున్నవాళ్ళు అప్పుడు తిట్టుకోండి అన్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

సాయంత్రం ఆయన చెప్పులు వేసుకున్నారు. గొడుగు తీసుకున్నారు. గుమ్మం దాటి లిఫ్ట్ దగ్గర ఆగారు. బటన్ నొక్కారు. మోటారు చప్పుడు ఆగింది. ఆయన కదల్లేదు. నేను లోపల నిలబడి ఆ వీపు వైపు చూస్తున్నాను.

"వచ్చిందో లేదో నాకు కనబడటం లేదు. చూసి చెప్పు" అన్నారు, వెనక్కి తిరగకుండా.

ఆ మాట అనడానికి ఆయనకి రెండేళ్ళు పట్టింది.

చెప్పులు వేసుకోకుండానే వెళ్ళాను. గాజులోంచి చూశాను. వెలుతురు ఉంది. "వచ్చింది" అన్నాను.

"నమ్మచ్చా?"

తలుపు తీసి ముందు నేను లోపలికి అడుగుపెట్టాను. చెయ్యి చాచాను. ఆయన వంకర గొడుగుతో లిఫ్ట్ నేలని తట్టి చూసుకున్నారు. మళ్ళీ తట్టారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని ఎక్కారు.

"కళ్ళ డాక్టరు ఎప్పుడుంటాడో కనుక్కో" అన్నారు.

కిందికి దిగాం. ఏమీ జరగలేదు.